సుగుణ ఊరి పొగ చూడబోయి

మోర్తాడ్

ఈ ప్రయాణానికి నేను ఇష్టపడి బయలుదేరలేదు. యాత్రలు చేసొచ్చినవాళ్లు దేవుణ్ని చూశామని రాస్తారు. నేను చూసొచ్చింది నా మేనమామ కూతురు సుగుణను. మోర్తాడ్ పక్కన మా ఊరి నుంచి, బోధన్ దాటి రెంజల్ వైపు ఉన్న ఆమె ఊరికి పోయి, మూడు రోజులకు తిరిగొచ్చాను. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాటేసరికి చేరే దూరమే. అయినా పాతికేళ్లుగా పోలేదు. పెళ్లిళ్లలోనో చావుల్లోనో కలిస్తే "బాగున్నవా" అంటే "బాగున్న" అనుకోవడం, అంతే.

మా ఊళ్లో ఇరవై ఇద్దరం ఆడవాళ్లం పసుపు సంఘం పెట్టుకున్నాం. దానికి పెద్దను నేను. పసుపు తవ్విన తర్వాత ఉడకబెట్టాలి. సంఘానికి ఒక బాయిలరు ఉంది. ట్రాక్టరు వెనక కట్టుకొని పొలం పొలానికీ తిప్పుతాం. కింద కట్టెలు మండిస్తే ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరికి పసుపు కొమ్ములు ఉడుకుతాయి. మా పసుపు కొనేది హైదరాబాదు కంపెనీ. వాళ్ల పొట్లాలు విదేశాలకు పోతాయి. ఒక పొట్లం తయారు కావడానికి పొలంలో ఎంత పొగ లేచింది, ఉడికించడానికి ఎంత, బండికి ఎంత అని వాళ్లు లెక్క కడతారు. వాళ్లు కార్బన్ అంటారు, మేము పొగ లెక్క అంటాం. అది ఒక్కొక్కరి లెక్క కాదు. అందరిదీ కలిపి ఒకటే. ఇరవై ఒక్కమంది పుల్ల పుల్ల చూసి కాల్చినా, ఒక్కరు ఇష్టమొచ్చినట్టు కాలిస్తే అందరూ తప్పినట్టే.

పోయినేడు కట్టెలు తగ్గించమన్నారు. తగ్గలేదు సరికదా, అంతకు ముందేడు కంటే ఒక ట్రాక్టరు కట్టెలు ఎక్కువే కాలాయి. కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే శ్రావణి అనే అమ్మాయి మా అరుగు మీద కూర్చొని మెల్లగా చెప్పింది.

"ఈ యేడు గూడ తగ్గకపోతె మీ పసుపు తీసుకోరట పెద్దమ్మా. పైనోళ్లు గట్టిగనే అన్నరు."

ఆ మాటకు భయం వేసింది. కానీ నన్ను బస్సెక్కించింది ఆ తర్వాతి మాట.

"రెంజల్ దిక్కు చెరుకు సంఘంల రెండేండ్ల సంది పొగ తగ్గుకుంటనే వస్తుంది. బెల్లం మేమే తీసుకుంటున్నం. అక్కడి పెద్ద సుగుణమ్మ మీ సుట్టమేనట గద. ఒక్కసారి పోయి సూసి రారాదు?"

సుగుణ నాకంటే రెండేళ్లు చిన్నది. పిల్లలప్పుడు కలుపు తీయబోతే, నేను రెండు సాళ్లు ముగించి తిరిగి చూసేసరికి ఆమె సగం సాలులో కూర్చొని పాట పాడుతూ ఉండేది. పాట ఎక్కడ ఆగుతుందోనని అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమె సాలు కూడా తీసేసేవాళ్లు. నా సాలు ఎవరూ ఎప్పుడూ తీయలేదు. అప్పటి మంట నాది.

నేను నలభై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికి ఆరేళ్లయింది. సంఘం పుస్తకం నేనే రాస్తాను. సుగుణ నేర్చుకోలేదు, ఇప్పటికీ వేలిముద్రే. ఈ ఒక్కదాంట్లో ఆమె కంటే పైన ఉన్నానన్న ధైర్యంతో, సంచిలో రెండు కిలోల పసుపు పెట్టుకొని, డిసెంబరు చలిలో బయలుదేరాను.

నిజామాబాద్ బస్టాండు

ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి బస్సులో ఊపిరాడలేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు చింపి ఇచ్చారు. నిజామాబాద్‌లో దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి.

నాకు బోర్డులు చదవడం ఇష్టం. ఇదివరకు బస్టాండుకు వస్తే పక్కవాళ్లను "ఇది ఎటు పోతది?" అని అడగాల్సి వచ్చేది. ఇప్పుడు అడగను. ఎదురుగా ఆగి ఉన్న బస్సు బోర్డు ముందు నిలబడి ఒక్కో అక్షరం పట్టుకున్నాను. నేను ఆఖరి అక్షరం పట్టుకునేలోపు బస్సు కదిలింది. అది బోధన్ బస్సే.

జామకాయల బుట్ట పెట్టుకొని కూర్చున్న ఆమె పడీ పడీ నవ్వింది. "అక్కా, నువ్వు సదివెటాల్లకు గా బస్సు బోధన్ పోయి మల్ల తిరిగొస్తది."

"నీకు సదువొచ్చా?" అన్నాను కోపంగా.

"నాకేం వస్తది? అయినా ఏ బస్సు ఏడికి పోతదో డ్రైవర్ మొకం సూసి చెప్త."

కోపం వచ్చినా జామకాయలు కొన్నాను. మా దగ్గర ముప్పైకి కిలో ఇస్తారు, ఇక్కడ అరవై అంది. బేరమాడితే ఉప్పూకారం చల్లి ఒకటి ఊరికే ఇచ్చింది. అది తింటూ చూశాను. డ్రైవరు చాయ తాగడానికి దిగిపోయినా బండి మాత్రం గుర్రుమంటూనే ఉంది. వెనక నల్లటి పొగ. ఇదివరకు ఇలాంటివి నా కంటికి ఆనేవి కావు. పొగ లెక్క మొదలైనప్పటి నుంచి ఊళ్లో ఎవరి పొయ్యి ఎంత పొగ పెడుతోందో నాకే తెలుస్తుంది. ఎదుటివాళ్ల పొగ మాత్రమే తెలుస్తుంది, అది వేరే సంగతి.

బోధన్ బస్సులో

ఈ బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. పక్కన తెల్ల ధోతి, తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన. ధర్మాబాద్ దగ్గర ఆయన ఊరు. కొంత మరాఠీ, కొంత మన మాట. సారంగాపూర్ దాటేవరకు చెరుకు గురించి మాట్లాడుకుంటూ పోయాం. ఆయన నలభై ఏళ్లు చెరుకు పండించాడట.

"చెరుకు రైతుకు అన్నిటి కన్న పెద్ద కష్టమేందో ఎరుకేనా బాయీ? వరుస. నా తోట ఎప్పుడు కొడతరు, నా చెరుకు ఎప్పుడు ఆడిస్తరు అని ఎదురుసూసుడు. ఒక్కొక్క దినం ఎండితె ఒక్కొక్క దినం బరువు పోతది."

"మరి ఏంజేస్తరు?"

ఆయన మీసాల కింద నవ్వాడు. "తెలివిగల్లోడు అగ్గిపుల్ల గీస్తడు. తోట తగలబెడితె ఆకు కాలుతది, గడ మిగులుతది. కాలిన గడ ఆగదు, రెండు దినాలకే రసం పులుస్తది. గందుకని ఎవ్వడైనా కాలిన చెరుకునే ముందుగాల తీసుకోవాలె. వరుస దాటాల్నంటె అగ్గిపుల్లను మించింది లేదు."

"మీరు గీసిండ్రా?"

"నేను మస్తు తెలివిగల్లోన్ని," అని పెద్దగా నవ్వాడు.

ఆ నవ్వుకు కదిలాడో, బస్సు గుంతలో పడిందో, నా సంచి ఒరిగింది. పసుపు పొట్లం మూతి విడిపోయి ఆయన ధోతి మీద గుప్పుమంది. మోకాళ్ల దాకా పచ్చన. నేను కొంగుతో దులిపేకొద్దీ ఇంకా పూసుకుంది. బస్సంతా మావైపే చూస్తోంది. తిడతాడనుకున్నాను.

"ఈ వయసుల మల్ల నన్ను పెండ్లికొడుకును జేసినవ్ గద బాయీ! ఇంటికాడ మా ముసల్ది ఏమంటదో!"

బోధన్‌లో ఆయన పచ్చటి ధోతితోనే ఠీవిగా దిగి పోయాడు. పెద్ద చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా, ఆటోవాళ్లు ఇంకా దాన్నే గురుతు చెప్పి దారి చూపిస్తారు. చెరుకు మాత్రం మానలేదు. ఊళ్లలో బెల్లం గానుగలు నడుస్తున్నాయి. రెంజల్ ఆటో ఎక్కితే రెండు వైపులా మనిషిని మించిన చెరుకు. మా దగ్గర పసుపు మోకాలెత్తు మొక్క, పొలం చివరిదాకా కనిపిస్తుంది. ఇక్కడ పక్కింటివాళ్లు ఏం చేస్తున్నారో కూడా కనిపించదు. ఇలాంటి చోట ఒకరినొకరు ఎలా నమ్ముతారో అనుకున్నాను.

సుగుణ ఇల్లు

నేను గుమ్మంలో అడుగు పెట్టకముందే సుగుణ వాకిట్లోకి ఉరికొచ్చి వాటేసుకుంది. "గంగామణి వదినె వచ్చిందే! ఎన్నేండ్లకు, ఎన్నేండ్లకు!" ఇంటింటికీ వినబడేలా అరిచింది. పసుపు సగం ఒలికిన పొట్లం ఇస్తే కళ్లకద్దుకుంది. ఆమె అలా కళ్లకద్దుకోవడం కూడా నాకు బాగా అనిపించలేదు. ఎవరైనా ఏమైనా ఇస్తే అంత అందంగా తీసుకోవడం నాకు రాదు.

ఇల్లు మా ఇంటి కంటే చిన్నది. ఆ సంగతి చూసి కొంచెం తెరిపిన పడ్డాను. కానీ జొన్నరొట్టెలు, శనగపిండి పిట్ల, పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా పెట్టింది. పిట్ల మరాఠీవాళ్ల వంట, మా దగ్గర చేయరు. మూడు రొట్టెలు తిన్నాను. నాలుగోది వద్దన్నాను, వంట బాగుందని ఆమెకు తెలియకూడదని.

పొద్దు గుంకే వేళకు ఆమె వాకిట్లోకి మనుషులు రావడం మొదలైంది. సరిహద్దు అవతలి నుంచి వచ్చి చెరుకు కొట్టేవాళ్ల పెద్ద బాబురావు, ఆయన భార్య కాశీబాయి. ట్రాక్టరు నడిపే గంగాధర్. గానుగ దగ్గర పొయ్యి చూసే నర్సయ్య. ఏడెనిమిది మంది రైతులు. నేను సంఘం పుస్తకం కోసం చూశాను. పుస్తకం లేదు. గోడ మీద నియమాలు రాసిన బోర్డు లేదు. మా సంఘంలో పన్నెండు నియమాలు నేనే రంగుతో రాయించాను.

"ఎట్ల నడుపుతున్నవే మరి?" అన్నాను.

"సూడు," అంది సుగుణ.

వాళ్లు చేసేది ఇది. ఎవరూ తాము చేసిన పని చెప్పుకోరు. తమకంటే ముందు పని చేసినవాళ్ల సంగతి చెప్తారు. చెరుకు కొట్టే బాబురావు, రైతు తోట ఎలా ఉంచాడో చెప్పాడు. ట్రాక్టరు గంగాధర్, కొట్టినవాళ్లు ఆకు ఊడ్చి పొలంలోనే పరిచారా లేదా చెప్పాడు. పొయ్యి నర్సయ్య, ట్రాక్టరు వచ్చి ఆగాక ఇంజను బందు పెట్టిందా లేదా చెప్పాడు. రైతులు, పొయ్యిలో ఎండిన పిప్పే వేశారా, ఇదివరకులా పాత టైర్లు గట్రా వేశారా చెప్పారు.

"గంగాధర్ ఇయ్యాల దిగి బీడీ తాగిండు, ఇంజను బందు వెట్టలే," అన్నాడు నర్సయ్య.

"అరే, ఒక్క బీడీ!"

"ఒక్క బీడీయే. నువ్వు తాగు, దాన్కెందుకు తాపిస్తున్నవ్?"

అందరూ నవ్వారు, గంగాధర్‌తో సహా. పావుగంటలో అయిపోయింది. నేను ఆరేళ్లు కష్టపడి నేర్చుకున్న అక్షరాలతో చేయలేని పని, వేలిముద్ర మనిషి చాయ కాగే లోపల చేసేసింది. ఆ చాయ నాకు చేదుగా ఉంది. చక్కెర బదులు కొత్తబెల్లం వేసిందట, అందరూ రెండోసారి అడిగి తాగారు.

చెరుకు తోటలో

మర్నాడు పొద్దున తోటకు తీసుకుపోయింది. చెరుకు ఆకు కత్తి లాంటిది. చేతులు కోసుకుపోతాయని కొట్టేవాళ్లు ఇదివరకు ముందు తోటకు నిప్పు పెట్టి, తర్వాత దిగేవాళ్లట. ఇప్పుడు కాశీబాయి చేతులకు పాత జీన్స్ ప్యాంటు కాళ్లతో కుట్టిన తొడుగులు ఉన్నాయి. ఊరి ఆడవాళ్లు కుట్టి ఇచ్చారు. గడ కొట్టగానే పైనున్న పచ్చి కొసను నరికి పక్కన కట్ట కడుతోంది.

"గవి ఎవరివి?"

"మావే," అంది కాశీబాయి. "మా ఎడ్లకు మేత. మిగిలితె అమ్ముకుంటం. ఇదివరకు రైతులు ఉంచుకునేటోళ్లు. సుగుణక్క అడిగి ఇప్పిచ్చింది."

తోట కాలిస్తే కొసలు కాలిపోతాయి. కొసలు కొట్టేవాళ్లవి అయ్యాక వాళ్లే తోటకు కాపలా అయ్యారు. ఇంత చిన్న సంగతి. నాకు ఎందుకు తట్టలేదా అని నడుస్తున్నంతసేపూ కుళ్లుకున్నాను.

"ఇంతకు నీ తోట ఏది? ఎప్పుడో ఆడిచ్చి ఉంటవ్ లే," అన్నాను.

కాశీబాయి పక్కున నవ్వింది. "అక్కదా? అగో!"

కొట్టేసిన తోటల నడుమ ఒక తోట మీద తెల్లటి పూత కుంచెల్లా లేచి ఊగుతోంది. పూతకొచ్చిన చెరుకులో రసం తగ్గుతుందని నాకు కూడా తెలుసు.

"ఇక్కడ తోవ వరుసనే పోతం వదినె. గానుగ పొయ్యి ఒకసారి అంటిస్తె ఆఖరి తోట దాక ఆర్పం. సల్లారిన పొయ్యిని మల్ల కాగబెట్టాల్నంటె ఎంత పిప్పి గావాలె? తోవల నాది నడుమనే ఉండె. నేనే ఆఖరుకు పెట్టుకున్న."

"ఎందుకే? పెద్దవు గద నువ్వు!"

"గందుకే," అంది, అంతకంటే చెప్పడానికి ఏమీ లేనట్టు.

నేను తలదించుకొని నడిచాను. ఎందుకో తర్వాత చెప్తాను.

అప్పుడే దక్షిణం వైపు పొగ లేచింది. మొదట సన్నగా, తర్వాత గోడలా. చెరుకు ఆకు కాలుతుంటే పేలాలు వేగినట్టు చిటపట వినిపిస్తుంది. సుగుణ ముఖం మాడిపోయింది.

ఉన్నమాట రాయాలి. ఆ పొగ చూసి నాకు సంతోషం వేసింది. మా ఊరే కాదు, ఈమె ఊరు కూడా మండుతోంది అనుకున్నాను. శ్రావణి ఫోను నంబరు నా సంచిలో కాగితం మీద ఉంది. పోగానే చెప్పాలి, "నువ్వు మెచ్చుకున్న ఊరి సంగతి చూసొచ్చిన బిడ్డా" అని.

గానుగ దగ్గర

కాల్చింది సాయిలు అనే రైతు. గంగాధర్ ట్రాక్టరు అంతకు ముందు వారం చెడిపోయి వరుస వెనకబడింది. రేపు మాపు అంటున్నారని ఓపిక పట్టలేక అగ్గిపుల్ల గీశాడు. బస్సులో ముసలాయన చెప్పిన తెలివే.

గానుగ దగ్గరికి జనం చేరారు. పెనంలో రసం కుతకుత ఉడుకుతోంది, నర్సయ్య బెండ జిగురు పోసి మడ్డి తోడుతున్నాడు. ఆ వాసనకు ఇంకో రోజైతే నోరూరేది. సాయిలు తల కింద పెట్టుకొని నిలబడ్డాడు.

సుగుణ అరుస్తుందనుకున్నాను. ఆమెకంటే ముందు కాశీబాయి కొడవలి పట్టుకొనే వచ్చింది. "ఆమచ్యా బైలాన్నా కాయ్ ఘాలూ? మా ఎడ్లకు ఏం పెట్టాలె? నీ బూడిద పెట్టాల్నా? మాట్లాడు!"

"తప్పైంది బాయీ," అన్నాడు సాయిలు.

"నా వరుస రేపు," అంది పక్కనున్న ఒక ముసలామె, పోశవ్వ. "కాలింది ముందుగాల ఆడియ్యాలె గద. ఇగ నాది ఎన్నడు? నేను గూడ అంటిస్త ఇంటికి పోయి. అగ్గిపెట్టె నా కాడ లేదా?"

అసలు భయం ఇది. ఒకరు కాల్చి ముందుకు పోతే, రేపు పోశవ్వ, ఎల్లుండి ఇంకొకరు. రెండేళ్లుగా తగ్గిన పొగ రెండు రోజుల్లో తిరిగి వచ్చేస్తుంది. అందరూ సుగుణ వైపు చూశారు. ఏం చేస్తుందో చూద్దామని నేను కూడా చూశాను, ఓడిపోవాలని.

సుగుణ కాశీబాయి చేతిలోని కొడవలి తీసుకొని పక్కన పెట్టింది. తర్వాత అంది, "చెరుకు ఖరాబు చేసుడు గూడ పాపమే. ఇయ్యాలనే ఆడిద్దాం. కాని సాయిలు, నీ బెల్లం మన కుప్పల కలవది. వేరే ముద్ద, వేరే మూట. కంపెనీకి పోదు. సంతల అమ్ముకో."

"గట్లనే అక్కా."

"ఇంకోటి. పోశవ్వ వరుస పోవద్దు. పోశవ్వ చెరుకు కొట్టేనాడు నువ్వు, నీ ఇద్దరు కొడుకులు కాశీబాయి తోని తోటల దిగి కొట్టాలె. కొసలు కాశీబాయికే. ఆకు చేతికి కోస్తె ఎట్లుంటదో సూసినట్టయితది."

"తొడుగులు ఇయ్యం," అంది కాశీబాయి. జనం గొల్లుమన్నారు. సాయిలు కూడా నవ్వలేక నవ్వాడు. పోశవ్వ మాత్రం నవ్వలేదు. అయితే తన అగ్గిపెట్టె సంగతి మళ్లీ ఎత్తలేదు.

నేను సంచిలోంచి శ్రావణి నంబరున్న కాగితం తీస్తూ ఉన్నాను. అంతలో సుగుణ తన ఫోను గంగాధర్ చేతికిచ్చి "శ్రావణికి కలుపు" అంది. అందరి ముందే, గట్టిగా చెప్పింది. "బిడ్డా, ఇయ్యాల మా దాంట్ల ఒక తోట కాలింది. ఎకరం మీద కొంచెం. నీ లెక్కల రాసుకో. బెల్లం వేరే పెట్టినం."

కాగితం మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. చాడీ చెప్పే అవకాశం కూడా నాకు మిగల్చలేదు ఆ మనిషి.

ఆ సాయంత్రం వాకిట్లో అందరూ తమ ముందువాళ్ల సంగతి చెప్పడం అయ్యాక, సుగుణ నా వైపు తిరిగింది. "దినాం నా పని చెప్పేటోళ్లు లేరు. నేను ఎవ్వరికి ముందుదాన్ని కాదు గద. ఇయ్యాల వదినె చెప్తది."

అందరూ నా నోరు చూస్తున్నారు. ఒక్క తప్పు వెతికాను. ఇంటి పొయ్యి, గేదెల కొట్టం, ఆమె నడక, అన్నీ గుర్తు చేసుకున్నాను. నా నోటి నుంచి వచ్చింది ఇది. "సుగుణ పొగ దాయలే. ఆమె చెరుకు పూతకొచ్చింది, అయినా వరుస దాటలే." అంతే అన్నాను. ఇంకొక్క మాట అని ఉంటే ఏడ్చేదాన్ని. ఏడిస్తే అభిమానం అనుకునేవాళ్లు.

కందకుర్తి

మూడో రోజు పొద్దున, బస్సెక్కే ముందు కందకుర్తి తీసుకుపోయింది. గోదావరిలో మంజీర కలిసే చోటు. మూడోది హరిద్ర అని ఒక నది కూడా అక్కడే కలుస్తుందని చెప్తారు. హరిద్ర అంటే పసుపు అని పూజారి చెప్పాడు. పసుపు పండించేది మేము, నది మాత్రం వీళ్ల దగ్గర. దానికి కూడా కుళ్లుకున్నాను.

మెట్ల మీద కూర్చొని పుట్నాలు తింటుంటే సుగుణ ఫోనులో మెసేజీ వచ్చింది. శ్రావణి పంపింది, తెలుగులో. "నువ్వు సదువు వదినె" అని ఫోను నా చేతిలో పెట్టింది. ఏం చదివినా నమ్మే మనిషి ముందు ఫోను పట్టుకొని కూర్చున్నాను. "మీ బెల్లం తీసుకోరట" అని చదివితే ఒక్క నిమిషమైనా ఆమె ముఖం మాడుతుంది. ఒక్క నిమిషం చాలు నాకు.

అక్షరం అక్షరం పట్టుకొని ఉన్నది ఉన్నట్టు చదివాను. "కాలిన తోట లెక్కలో రాసుకున్నాం. మిగతా బెల్లం తీసుకుంటాం. మీ అంతట మీరే చెప్పినందుకు సంతోషం."

సుగుణ ఊపిరి వదిలింది. నీళ్ల వైపు చూస్తూ అడిగింది. "మీ బాయిలరు సంగతేంది వదినె? కట్టెలు ఎందుకు తగ్గలే?"

మా వాళ్లు మాట వినరు, సోమరులు అని చెప్పడానికి నోరు తెరిచాను. మూడు రోజులు తిన్న రొట్టెలు అడ్డం పడ్డాయి.

అక్షరాలు నేర్చుకునేటప్పుడు పంతులమ్మ మొట్టమొదట నా పేరు రాయించింది. అందుకేనేమో, బాయిలరు వరుస బోర్డు మీద రాసేటప్పుడు నా చెయ్యి ముందు నా పేరే రాసింది. తర్వాత ఊరికి ఆ కొసన ఉన్న మా మరిది ఇంటిది, మర్యాద కోసం. దాని తర్వాత మళ్లీ ఈ కొసన మా వియ్యపురాలిది. నేను వరుస మర్యాద ప్రకారం రాశాను, తోవ ప్రకారం కాదు. అది చూసి మిగిలినవాళ్లు కూడా నాకంటే నాకు ముందని పట్టుబట్టారు. బాయిలరు ఊరంతా అటూ ఇటూ తిరిగింది. తిరిగిన ప్రతిసారీ చల్లారింది, చల్లారిన ప్రతిసారీ దుంగలు మింగింది. ఎవరెన్ని దుంగలు వేశారని నేను ఇరవై ఒక్కమందినీ తిట్టాను. మొదటి పేరును తిట్టలేదు.

ఇదంతా సుగుణకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"నేను గూడ ఫస్టు యేడు నాదే ముందుగాల ఆడిచ్చిన," అంది. "ఆ యేడు ఎన్ని తోటలు కాలినయో ఎరుకేనా? తొమ్మిది."

"మరి నాకు ముందే చెప్పద్దా!"

"నువ్వు వస్తె గద," అంది.

మళ్లీ మా ఊరు

తిరుగు ప్రయాణంలో రాసే విశేషాలు లేవు. ఐదు కిలోల బెల్లం ఇచ్చింది, ఒడిలో పెట్టుకొని వచ్చాను. మా ఇంట్లో అందరూ తిని "గిసొంటి బెల్లం ఎన్నడు తినలే" అన్నారు. అన్నారు సరే, మూడుసార్లు అనాలా?

ఇది రాసేనాటికి మా ఊళ్లో పసుపు ఉడుకుతోంది. బాయిలరు తూర్పు తోవ నుంచి మొదలై ఒక్కో పొలం దాటుకుంటూ వస్తోంది, మధ్యలో చల్లారలేదు. తెచ్చిన కట్టెల్లో ఇంకా మిగిలాయి. కంపెనీ ఏమంటుందో పంట ముగిస్తేగానీ తెలియదు. మా మరిది పెళ్లాం మాట్లాడడం మానేసింది. తవ్విన నా పసుపు ఇంకా కుప్పలోనే ఉంది. రోజూ దాని మీద తడి గోనె కప్పుకుంటూ సుగుణను తిట్టుకుంటున్నాను.

పాత వరుస చెరిపి కొత్తది నేనే రాశాను. ఇరవై ఒక్క పేర్లు రాసేసరికి బోర్డు నిండిపోయింది. ఇరవై రెండోది కింద అంచున, చిన్న అక్షరాల్లో ఇరికించాల్సి వచ్చింది.

వచ్చే వారం సుగుణ వస్తానంది. రావాలి. ఆమెకు చదువు రాదు కదా, బోర్డు ముందు పీట వేసి కూర్చోబెట్టి నేనే చదివి వినిపిస్తాను. ఒక్కో పేరూ మెల్లగా చదువుతాను, నాకు తొందర లేదు. ఆఖరి పేరు దాకా ఆమె కూర్చోవలసిందే.